నలభై ఒకటో నంబరు అచ్చు

జూన్ 4

ఏమే,

క్షేమమా అని అడగను. నేను మాట్లాడుతుండగా ఫోను టప్పున పెట్టేసినదానికి క్షేమానికేం లోటు? ఇక ఆ ఫోను ఎత్తను. మైనం ఉండలుండే సొరుగులో పడేశాను, మోగీ మోగీ చావనీ. నాతో పనుంటే కాగితం మీద రాయి. కాగితాన్ని మధ్యలో పెట్టేయడం ఎవరి వల్లా కాదు.

అడగాల్సింది ఒక్కటే. అచ్చుల గదిలో కింది అర. నలభైకీ నలభై రెండుకీ నడుమ, అరలో పేరుకున్న చెక్కపొడిలో రెండు చెక్క పాదాల గుర్తులు మిగిలాయి. అచ్చులు మాత్రం లేవు. మూడు రోజులు వెతికాను. తోలు చుట్టల వెనక, జిగురు డబ్బాల వెనక, చివరికి నాన్న మంచం కింద కూడా. నూట అరవై జతల్లో ఇన్నేళ్ళలో ఒక్కటీ చోటు తప్పింది లేదు. నిన్న ఒళ్ళు మండి కుట్టుతాతని నిలదీశాను. నాన్నతో కలిసి ముప్ఫై ఏళ్ళు ఆ మూల కూర్చుని బూట్లు కుట్టిన మనిషి. సూది దిండుకి గుచ్చి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఇవాళ రాలేదు.

ఆయన వెళ్ళాక గుర్తొచ్చింది. నువ్వు బయల్దేరిన పొద్దున నీ సంచీ మెట్లు దింపుతుంటే నా భుజం ఊడొచ్చినంత పనయింది. బట్టలకి అంత బరువుంటుందా?

నలభై ఒకటి నీ దగ్గరుందా, లేదా? ఉంటే వెంటనే ప్యాక్ చేసి పంపు. కథలు చెప్పకు.

అక్క


జూన్ 10

గౌరవనీయులైన షాపు యజమానురాలి సముఖమునకు,

ఉంది. నా దగ్గరే ఉంది. దొంగతనం చేయలేదు, అడిగే తీసుకున్నాను. బయల్దేరే ముందురోజు నీ బల్ల దగ్గరికొచ్చి, "అక్కా, ప్రాజెక్టుకి ఒక జత అచ్చులు పట్టుకెళ్ళనా?" అని గట్టిగానే అడిగాను. "ఊఁ" అన్నావు. తల కూడా ఊపావు. ఇప్పుడు తాత మీద పడి, నా మీద పడి ఏం లాభం?

నేనింత దూరం విమానమెక్కి తిరగడానికి రాలేదంటే నీకెలాగూ ఎక్కదు. ఏడు వారాల కోర్సు, అంతర్జాతీయ వ్యాపారం. పొద్దున క్లాసు, మధ్యాహ్నం ఏదో ఒక కంపెనీ చూడటం, సాయంత్రం గ్రూపు పని. నలుగురికో గ్రూపు. ప్రతి గ్రూపూ ఒక చిన్న వ్యాపారాన్ని తీసుకుని, దాని సరుకు పరాయి దేశాల్లో ఎలా అమ్మాలో చివర్లో అందరి ముందూ చెప్పాలి. మిగతావాళ్ళు సబ్బులూ బిస్కెట్లూ పట్టుకున్నారు. నేను మన షాపు చెప్పాను. వంకర కాళ్ళకీ, ఒకటి పొట్టి ఒకటి పొడుగు కాళ్ళకీ, ఎవరి కాలికి వాళ్ళకే చెక్కతో అచ్చు చెక్కి, దాని చుట్టూ తోలు బిగించి బూటు కుట్టే షాపు. మా మాస్టారు ఆ అచ్చుని చేతిలోకి తీసుకుని పావుగంట కింద పెట్టలేదు. నువ్వు నమ్మవుగానీ నాకు గర్వంగా అనిపించింది.

కాకపోతే అది చూడటానికి అసహ్యంగా ఉంది. ఒళ్ళంతా తోలు ముక్కలు అతికించి, గజ్జి పట్టినట్టు. అలాంటిది నలుగురికీ ఎలా చూపిస్తాం? ఇక్కడ బొమ్మలూ నమూనాలూ చేసుకునే గది ఒకటుంది. మా గ్రూపులో పొడుగువాడు పట్టుకుంటే, నేను రెండు రోజులు కూర్చుని చాకుతో ఆ ముక్కలన్నీ ఊడబీకాను. గరుకు కాగితంతో రుద్దాను. పైన వార్నిష్ వేశాను. ఇప్పుడు చూస్తే నువ్వే గుర్తుపట్టవు.

ఎలాగూ కింది అరలోవేగా, ఇక ఎవరూ రానివాళ్ళవి. పై అరల్లో మంచివి ముట్టుకోలేదు, ఆ మాత్రం నాకూ తెలుసు. కోర్సు అవగానే తెచ్చి, నీ చెక్కపొడిలో నీ గుర్తుల మీదే పెడతాను. తాతకి నా తరఫున సారీ చెప్పు, నీ నోటికి ఆ మాట వస్తే.

ఇట్లు,
దొంగ


జూన్ 17

చదువుకున్నదానా,

నీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను. ఊడబీకాను అనే రాశావు. నా కళ్ళ తప్పు కాదు.

ముందు ఆ "ఊఁ" సంగతి. నా నోట్లో మేకులున్నాయే. బూటు అడుగు బిగించేటప్పుడు పెదాల మధ్య ఇరవై మేకులు పట్టుకుంటాను. నోరు తెరిస్తే గొంతులో పడతాయి. అప్పుడు ఎవరేం అడిగినా ఊఁ అంటాను, ఇల్లు తగలబెట్టనా అన్నా ఊఁ అంటాను. నోట్లో మేకులున్నవాళ్ళని ఏమీ అడగకూడదని ఈ ఇంట్లో పుట్టినదానికి నేను చెప్పాలా?

రెండోది, అరలు. రానివాళ్ళవి పై అరలో ఉంటాయి. చనిపోయినవాళ్ళు, ఊరొదిలి వెళ్ళినవాళ్ళు, ఇక మన గుమ్మం తొక్కనివాళ్ళు. వాళ్ళవి నిచ్చెనేసి పైకెక్కిస్తాం. కింది అరలోవి ఏటేటా మారే కాళ్ళు, మాటిమాటికీ చేతికందాల్సినవి. నాన్న పెట్టిన పద్ధతి. నువ్వు సరిగ్గా తలకిందులుగా తెలుసుకున్నావు.

మూడోది, అతుకులు. నువ్వు గజ్జి అన్నావే, ఆ ముక్కలే ఆ కాలు. చెక్క ఒక్కసారే చెక్కుతాం. ఆ తర్వాత ఎక్కడ ఎముక పొడుచుకొస్తే, ఎక్కడ ఆనెకాయ కాస్తే, అచ్చు మీద అక్కడ తోలు అతుకు వేస్తాం. అప్పుడు బూటు లోపల అక్కడ చోటు వస్తుంది. పద్నాలుగేళ్ళలో పదకొండు అతుకులు. ఒక మనిషి పద్నాలుగేళ్ళు ఎక్కడెక్కడ నొప్పని చెప్పిందో అదంతా చాకుతో గీకిపారేశావు. చాలదన్నట్టు కింద చెక్కని కూడా రుద్దావు.

ఆ మనిషి ఎవరో తెలుసా? అచ్చు మీద నంబరే వేస్తాం, పేరు రాయం. ఎవరి కాలు ఎంత వంకరో పక్కవాళ్ళకెందుకు అనేవాడు నాన్న. చెప్పక తప్పదు కాబట్టి చెప్తున్నాను. నలభై ఒకటి మన పోస్టావిడ. నీ ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టింది ఆవిడే. పాత బూటు అడుగు రెండుగా చీలితే పురికొస కట్టుకుని వచ్చింది. "చెల్లి ఉత్తరం రాసిందమ్మా" అని నవ్వింది కూడా. లోపల ఏముందో తెలియదు పాపం.

తపాలా ఆఫీసుకి కొత్త అధికారి వచ్చాడు. ఉత్తరాలు ఆలస్యంగా అందుతున్నాయని ఎవరో రాశారట. జూలై 8న ఆవిడ పక్కనే నడుస్తాడు. మూడు గంటల్లో వీధులన్నీ తిరిగి రావాలి. రాలేకపోతే ఈ వీధులు ఇంకొకరికిచ్చి, ఆవిడని ఊరి చివర ఉత్తరాలు వేరుచేసే హాల్లో స్టూలు మీద కూర్చోబెడతారు. పద్నాలుగేళ్ళ కిందట నాన్న దగ్గరికొచ్చిన మొదటిరోజే చెప్పింది. "అందరూ నన్ను కూర్చోమనేవాళ్ళేనండీ, మీరు నడిపించండి" అని. నేను పక్కనే ఉన్నాను.

మళ్ళీ కొలవొచ్చుగా అంటావు. చీలిన బూటుతో నడిచి నడిచి పాదం వాచింది. వాచిన కాలు కొలిస్తే బూటు వాపుకి సరిపోతుంది, కాలికి కాదు.

పీకిన ముక్కలు ఎక్కడున్నాయి? ప్రతి ముక్క అడుగునా అది ఎక్కడిదో, ఎప్పటిదో పెన్సిలుతో రాసి ఉంటుంది. చూశావా అసలు? ముక్కలూ అచ్చులూ వెంటనే పంపు. నువ్వు మాత్రం ఒక్కటీ అతికించకు. నీ చెయ్యి పడింది చాలు.

ఇంతకంటే రాస్తే బూతులొస్తాయి.


గురువారం

అక్కా,

ఈసారి వెటకారం లేదు. మంచి మాట చెప్పాలని రాస్తున్నాను, కాస్త నిదానంగా చదువు.

నిన్న మమ్మల్ని ఒక బూట్ల ఫ్యాక్టరీకి తీసుకెళ్ళారు. మన షాపులాంటివి వంద పట్టే హాలు. అచ్చులన్నీ ప్లాస్టిక్కువి, సైజు ప్రకారం వరుసగా రంగురంగుల్లో. ఎగుమతులు చూసే మేనేజరు ఉన్నాడు, నేను మన అచ్చు చూపించాను. నున్నగా ఉండబట్టి మెషీను కిందపెట్టి క్షణంలో దాని ఆకారం కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అన్నాడు. నలభై జతలుంటే చాలట, వంకర కాళ్ళలో ఏయే రకాలున్నాయో తేల్చి, రకానికో సైజు పెట్టి, లక్షల్లో బూట్లు చేయొచ్చట. మన షాపు పేరు కూడా వేస్తానన్నాడు. మా మాస్టారు నా భుజం తట్టారు.

నీకు ఫోను చేద్దామంటే ఎత్తవు. అందుకని నేనే సరే అనేశాను. 25న వాళ్ళ పార్సిల్ మనిషి అట్టపెట్టెలతో వస్తాడు. కింది అర మొత్తం అతనికిచ్చెయ్. నెలలో తిరిగొస్తాయి. పై అరలవి నీ దగ్గరే ఉంటాయి, నీ పనికేం అడ్డంలేదు.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నేను చేసింది బాగుందని అనవా?

నీ చెల్లి


జూన్ 24

అక్కా,

నీ 17వ తేదీ ఉత్తరం నిన్న అందింది. గురువారం నేనొకటి రాశాను, నీది రాకముందు. అది వస్తే చదవకుండా చింపెయ్. పార్సిల్ మనిషిని ఆపమని ఫ్యాక్టరీకి కబురు చేశాను, వాళ్ళు విన్నారో లేదో తెలియదు. నీకు పద్దెనిమిదిసార్లు ఫోను చేశాను. సొరుగులో మోగే ఉంటుంది, మైనం ఉండలు విని ఉంటాయి.

ముక్కల కోసం పొడుగువాడూ నేనూ ఆ నమూనాల గదంతా గాలించాం. రంపం బల్ల కింద పొట్టు పడే ట్రే ఉంది. అందులో ఎనిమిది దొరికాయి. మిగతా మూడూ చెత్తబుట్టలో వేశానని నాకే గుర్తు. ఆ బుట్ట ఇరవయ్యో తేదీన ఖాళీ చేశారు. నువ్వు నా ఉత్తరం చదివిన పూట ఒక్క ఫోను చేసి, "ముక్కలు పారెయ్యకే" అని ఉంటే పదకొండూ దొరికేవి. నీ పంతం ఆరు రోజులు విమానంలో తిరిగి తిరిగి వచ్చింది. నేను చేసింది వెధవ పనే. అది ఒప్పుకుంటున్నాను. ఇది నువ్వు ఒప్పుకో.

ఎనిమిది ముక్కలు కవర్లో పెట్టాను. అచ్చులు విడిగా గుడ్డలో చుట్టాను. ప్రెజెంటేషన్‌కి అచ్చు లేకపోతే ఎలా అని గ్రూపులో నా మీద విరుచుకుపడ్డారు, పడనీ. పీకకముందు తీసిన ఫోటోలు రెండున్నాయి, అవీ పెట్టాను. మూడు ముక్కలూ ఎక్కడుండేవో వాటిల్లో కనిపిస్తుంది. ఎంత మందమో కనిపించదు.

వార్నిష్ ఎలా తీయాలో తెలియక అలాగే పంపుతున్నాను. తీయడానికి మళ్ళీ రుద్దాలేమో అని భయమేసింది.

చెల్లి


జూన్ 26

నీకు,

తేదీ కూడా వేయకుండా రాసిన నీ ఉత్తరం అందింది. పోస్టావిడే తెచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర కూర్చుని నీళ్ళడిగింది. ఆవిడ నీళ్ళు తాగుతుంటే నేను నీ రాతలు చదువుతున్నాను.

ఇంత చెప్పాక ఇదా నీ జవాబు? ముక్కల మాట లేదు, ఆవిడ మాట లేదు, నలభై జతలు అట్టపెట్టెల్లో సర్దమంటావా? రకానికో సైజట! నీకొక్కటి చెప్పనా, ఆ నలభై జతల్లో ఏ రెండూ ఒక రకం కాదు. ఒక రకమైతే వాళ్ళు ఊళ్ళో ఉన్న బూట్ల కొట్లన్నీ దాటుకుని నా దగ్గరికెందుకొస్తారే? కొట్లలో దొరక్కే కదా వచ్చేది.

నిన్న వచ్చాడు నీ పార్సిల్ మనిషి. "మేడమ్ గారు ఒప్పుకున్నారు" అని కాగితం చూపించాడు. ఏ మేడమ్ అన్నాను. నీ సంతకం చూపించాడు. కింది అర మీద చెయ్యి వేశాడు. సుత్తి నా చేతిలోనే ఉంది. కొట్టలేదులే, బల్ల మీద ఒక్కటేశాను. పెట్టెలు వదిలేసి పరిగెత్తాడు. పాపం అతని తప్పేముంది, పంపినదాని తప్పు.

నాన్న పోయినప్పుడు షాపు నీదీ నాదీ అని నలుగురి ముందూ నేనే అన్నాను. నీకు అచ్చులు వద్దు, షాపు పేరు కావాలి. కాళ్ళు వద్దు, సైజులు కావాలి. ఆ మేనేజరు దగ్గరే ఉండిపో. ఇంటికి రాకు.


జూలై 3

అక్కా అని రాయాలా వద్దా,

రావద్దన్నావు, సరే, రాను. నీ గడప తొక్కకపోతే నా కాళ్ళేం అరిగిపోవు.

ఆ ఉత్తరం నీ 17వ తేదీది అందకముందు రాసింది. తేదీ వేయలేదు, తప్పే. కానీ నువ్వు ఒక్క క్షణమైనా ఆలోచించావా, అంత చదివాక నేను అలా రాస్తానా అని? ఆలోచించవు. నా గురించి చెడ్డది ఏదొచ్చినా చటుక్కున నమ్మేస్తావు. మంచిదైతే సాక్ష్యాలడుగుతావు.

పుట్టిన ఇంట్లో ఏ అరలో ఏముందో తెలియదని దెప్పావు. ఎవరు తెలియనిచ్చారు? నేను ఆ గది గుమ్మం దగ్గర నిలబడితే చాలు, "ఇక్కడేం పని, పో, పుస్తకం పట్టుకో" అని తరిమింది నువ్వు. ఒకసారి తోలు ముక్క చేతిలోకి తీసుకుంటే వేళ్ళ మీద కొట్టావు. నాన్న పక్కన నీకు స్టూలు ఉండేది. నాకు లేదు. ఆ గదిలోంచి మీరిద్దరూ నవ్వుకోవడం వినిపించేది, నేను వంటింట్లో లెక్కలు చేసుకునేదాన్ని. స్కూల్లో పిల్లలు జిగురు వాసన అని ముక్కు మూసుకుంటే మాత్రం ఆ వాసన నాకూ సమానంగానే వచ్చింది.

ఈ కోర్సుకి వచ్చింది కూడా అందుకే. చెక్కడం నేర్పరు కాబట్టి, అమ్మడమైనా నేర్చుకుంటే ఆ గదిలో నాకో స్టూలు వేస్తారేమో అనుకున్నాను. ఇప్పుడది రాసి చూస్తే నాకే సిగ్గేస్తోంది.

8వ తేదీన ఏమైందో రాయి. నా కోసం రాయకు. ఆవిడ కోసం రాయి.

నీ చెల్లిని కాకుండా పోలేను కదా


జూలై 11

ఈ ఉత్తరం మీద ఎవరి పేరూ పెట్టబుద్ధి కావడం లేదు.

నీ పార్సిలు 30న వచ్చింది. వార్నిష్ చూసి ఒక పూట ఏ పనీ చేయలేకపోయాను. తర్వాత తాత ఇంటికెళ్ళాను. తప్పయింది అన్నాను. ఆయన సంచీ తీసుకుని నాతో వచ్చేశాడు. వారం రోజులు పక్కపక్కన కూర్చుని పనిచేశాం. ఎనిమిది అతుకులూ వాటి చోట్లలో పెట్టాను. మిగతా మూడింటికీ నీ ఫోటోలు పెట్టుకుని, నాకు గుర్తున్నదాన్ని బట్టి కొత్తవి కోశాను. చిటికెన వేలు పక్కది ఎంత మందమో ఎంతకీ తేలలేదు. కళ్ళు మూసుకుని వేలితో గాలిలో తడిమి చూసుకున్నాను. నాన్న వేసిన అతుకది.

7వ తేదీన తొడిగాం. "హాయిగా ఉందమ్మా" అంది. కొత్త బూటు ఎప్పుడూ కాసేపు హాయిగానే ఉంటుంది.

8న నేను వీధికి అవతల పక్కన నడిచాను, వాళ్ళకి కనబడకుండా. రెండున్నర గంటలు ఆవిడ ఎలా నడిచిందో నువ్వు చూడాల్సింది. ఆ అధికారే వెనకబడ్డాడు. పచ్చ గేటు ఇంటి దగ్గర మొదటిసారి అడుగు తడబడింది. ఆఖరి సందులో నలభై మెట్లున్నాయి కదా. ముప్ఫయ్యో మెట్టు మీద కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, బూటు విప్పింది. చిటికెన వేలు దగ్గర మేజోడు ఎర్రగా తడిసి ఉంది. అట్టముక్క మందం తక్కువ పెట్టాను నేను. అంతే తేడా. పైన మూడు ఇళ్ళు మిగిలాయి.

అతను తిట్టలేదు. గడియారం చూసుకున్నాడు, ఆవిడని చూశాడు, జాలిగా రాసుకున్నాడు. నిన్నటి నుంచి మన వీధికి ఎవరో కొత్త మనిషి వస్తున్నాడు. ఆవిడ ఊరి చివర హాల్లో స్టూలు మీద కూర్చుంటోంది. చూడటానికి వెళ్ళాను. "వాపు తగ్గాక మళ్ళీ కొలుద్దాం లెండి" అని నన్నే ఓదార్చింది. నిన్ను కూడా అడిగింది, చెల్లి కోర్సు ఎలా సాగుతోందని. బాగుందన్నాను. ఏం చెప్పమంటావు?

ఫోను సంగతి నిజమే. ఆ మూడు ముక్కల పాపం నాది. సొరుగులోంచి ఫోను తీశాను. చార్జింగ్ పెట్టాను. అయినా నీకు చేయలేదు, చేస్తే ఏమంటానో నాకే తెలియదు.

స్టూలు సంగతి కూడా చెప్తాను. నిన్ను తరిమింది నేనే. నా చేతులు చూశావుగా, గోళ్ళలో నలుపు పోదు. ఒకరోజు నువ్వు స్కూలు నుంచి ఏడుస్తూ వచ్చి, గిన్నెల సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుంటున్నావు. ఆరోజు అనుకున్నాను, ఇది ఈ గదిలోకి రాకూడదని. నేను చేసింది అదీ. నీకు అది స్టూలు లేకపోవడంలా కనబడిందని నాకిప్పుడే తెలిసింది. తెలిసినా నా కోపం తగ్గలేదు.

ఎందుకంటే ఒక ముక్క ఉంది. మడమ, లోపలివైపు. దాని అడుగున ఉన్నది నాన్న రాత కాదు, నా రాత కాదు. పెద్ద పెద్ద అక్షరాలు, పెన్సిలు గట్టిగా నొక్కి రాసినవి. నీకు ఎనిమిదేళ్ళు. నాన్న చేతులకి జిగురుంటే నిన్ను పిలిచి రాయించాడు. మడమ, లోపల, మూడో నెల. కవర్లో పెట్టేటప్పుడు నువ్వు చూసే ఉంటావు. చూసి కూడా ఆ గదిలోకి నన్నెప్పుడూ రానివ్వలేదు అని రాశావు. నీ రాతని నువ్వే చాకుతో పీకి, నన్ను దెప్పావు.

ఇంకొకటి నీకు తెలియదు. కింది అర చివర నీ అచ్చు ఉంది. నీ పదహారో ఏట చెక్కాను. నువ్వు నిద్రపోతుంటే కొలత తీసుకున్నాను, అడిగితే ఇవ్వవని. ఒక్క అతుకు లేదు దానికి. ఒక్కరోజూ వచ్చి ఇక్కడ నొప్పి అని చెప్పింది లేదు, అన్నీ కొట్లో కొన్న బూట్లే. అంత నున్నటి అచ్చు కావాలంటే అది పట్టుకెళ్ళాల్సింది. మేనేజరుకి బాగా నచ్చేది.

నిన్న నిచ్చెన వేసుకుని దాన్ని పై అరలో పెట్టాను.

అక్క


జూలై 18

అక్కా,

చూశాను. ట్రేలోంచి తీసిన మొదటి ముక్కే అది. నా రాత నాకు తెలియదా? ఆరోజు నాన్న నన్ను బల్ల మీద కూర్చోబెట్టాడు, అది కూడా గుర్తొచ్చింది. అది ఒప్పుకుంటే నీ మీద కోపానికి ఆధారం పోతుందని రాయలేదు. అది దాచిపెట్టి, నన్ను రానివ్వలేదని ఆ ఉత్తరం రాశాను. నువ్వు ఇంకా తిట్టాల్సింది.

9న మా ప్రెజెంటేషన్ అయింది. పీకకముందు ఫోటో, పీకాక ఫోటో పక్కపక్కన పెద్ద తెర మీద వేశారు. నున్నటిదాన్ని చూసి హాలంతా చప్పట్లు కొట్టింది. అసలైన అచ్చు ఆ ముందుదే అని చెప్పడానికి నోరు తెరిచాను. మాట రాలేదు. నా నోట్లో మేకులు కూడా లేవు. మొదటి బహుమతి మాకే ఇచ్చారు. ఆ కాగితం సంచీ అడుగున పడేశాను, నీకు చూపించను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పొడుగువాడు ఏమైందంటే నలభై ఒకటి అన్నాను, వాడికేం అర్థమవుతుంది?

కంప్యూటర్లోకి ఎక్కించిన ఆకారం తీసేయమని ఫ్యాక్టరీకి రాశాను, తీసేశామన్నారు. ఎలాగూ అది ఎవరి కాలూ కాదు.

రేపు కోర్సు అయిపోతుంది. 21న పొద్దున నేనొస్తున్నాను. రావద్దన్నావు, తెలుసు. ముందు ఊరి చివర హాలుకి వెళ్ళి ఆవిడ ముందు నిలబడతాను. కోర్సు బాగుందని నువ్వు చెప్పిన అబద్ధం నేను సరిచేస్తాను. ఆవిడ ఏమంటే అది పడతాను. ఏమీ అనకపోతే అది ఇంకా కష్టం, అదీ పడతాను. తర్వాత షాపుకొస్తాను. సుత్తి దగ్గర పెట్టుకుంటావో, దూరంగా పెట్టుకుంటావో నీ ఇష్టం.

నిచ్చెన దాచకు. దాచినా స్టూలు మీద స్టూలు వేసుకుని ఎక్కుతాను. నా అచ్చు నేనే దించుకుంటాను. నువ్వు మళ్ళీ ఎక్కిస్తే మళ్ళీ దించుతాను.

ఏడు వారాలు ఈ ఊరంతా కొన్న బూట్లతో తిరిగాను. ఎడమ కాలు, చిటికెన వేలు పక్కన ఆనెకాయ కాసింది. అడుగు తీసి అడుగేస్తే నొప్పిగా ఉంది.

అక్కడ అతుకు వెయ్యి.

చెల్లి